శాలువా కప్పి కూర్చోబెట్టారు

నాకు శాలువా అంటే మంట. మా ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. జరీ అంచువి, మెరిసేవి, ముట్టుకుంటే గరగరలాడేవి. చలికి కప్పుకోడానికి పనికిరావు, చెయ్యి తుడుచుకుందామంటే తడి పీల్చవు. మా ఆయన ఒకదాన్ని సైకిలు సీటుకి చుట్టుకున్నాడు. జారిపోతోందని రెండోనాడే ఊడదీసి పారేశాడు. ఇవన్నీ మా కాలేజీ వాళ్ళు నాకు కప్పినవి. నేను అక్కడ డిగ్రీ చదువుతున్నాను, ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంటూ టెక్నాలజీ. నా వయసు అరవై దాటింది. ఈ రెండు ముక్కలూ వినగానే జనానికి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి. ముందు నేను చెప్పేది వినండి.

కాలేజీ పేరు రాయను. పాలకొల్లు నుంచి బస్సులో పొద్దున్న వెళ్ళి సాయంత్రం రాగలిగిన దూరంలో ఉంది, అంతే. పేరు రాస్తే దాన్నొక్కదాన్నే తిట్టినట్టవుతుంది. నాకు ఒక్కదానితో సరిపోదు.

నేను రొయ్యల షెడ్డులో పనిచేశాను. పెళ్ళయిన కొత్తలో చేరి నడుం పట్టేసేదాకా అదే పని. ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తల తుంచడం, తొక్క ఒలవడం, వెన్ను మీద నల్లనరం లాగడం. అక్కడ నన్నెవరూ గారు అనలేదు. సూపర్‌వైజరు "ఏయ్, ఆ మూల ఆకుపచ్చ చీరా!" అని కేకేసేవాడు. ఏ రోజు కట్టిన చీర రంగు ఆ రోజు మా పేరు.

నలభై దగ్గరపడ్డాక అక్షరాలు నేర్చుకున్నాను. జీతం ఇచ్చేటప్పుడు బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దించుకునేవారు. ఆ సిరా సబ్బుకి లొంగదు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే ముద్దలో నల్లగా కనపడేది. నాకది అసహ్యం. అప్పట్లో మా వీధిలో రిటైరైన మాస్టారొకాయన సాయంత్రాలు అరుగు మీద పెద్దవాళ్ళకి బడి పెట్టారు. సంతకం నేర్పమని వెళ్ళాను. "సంతకం నేర్పను, రాయడం నేర్పుతాను. ఉంటే ఉండు, లేకపోతే వెళ్ళు" అన్నారు. ఉన్నాను.

ఆ మాస్టారు ఎప్పుడూ నన్ను బుజ్జగించలేదు. అక్షరం వంకర పోతే పలక లాక్కుని అరచేత్తో మొత్తం చెరిపేసి, "మళ్ళీ రాయి" అనేవారు. సరిగ్గా రాసినదీ పోయేది, వంకరదీ పోయేది. ఒకరోజు ఏడుపొచ్చింది. "ఏడవడం అయ్యాక రాయి" అని పక్కామె పలక అందుకున్నారు. అంత మొరటు మనిషి. కానీ నా పలక మీద ఆయన ఎప్పుడూ నా బదులు రాయలేదు. చెరిపారే కానీ రాయలేదు. అందులో ఎంత గౌరవం ఉందో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది, ఈ శాలువాలు చూశాక.

సంతకం వచ్చింది. చాలా ఏళ్ళు హాయిగా పెట్టుకున్నాను. ఆ తర్వాత రేషన్ డిపోలో మిషను వచ్చింది. బియ్యం కావాలంటే అందులో వేలు పెట్టాలి. నేను పెన్నడిగాను.

"పెన్నెందుకు అమ్మగారూ, వేలు పెట్టండి" అన్నాడు డీలరు.

"నాకు సంతకం వచ్చు."

"మీకు వచ్చండి. దీనికి చదవడం రాదు కదండీ."

పెట్టాను. ఎర్రలైటు. తుడిచి పెట్టమన్నాడు. ఎర్రలైటు. ఇంకో వేలన్నాడు. అదీ అంతే.

"సిస్టమ్ తీసుకోవట్లేదు అమ్మగారూ. వేలి గీతలు అరిగిపోయాయండి. ఏం పని చేసేవారు?"

"రొయ్యలు ఒలిచేదాన్ని."

"అదీ సంగతి. నేనేం చెయ్యనండీ? మీరెవరో నాకు తెలుసు. ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాను. సిస్టమ్‌కి తెలియట్లేదు."

"ఎవడా సిస్టమ్? ఎక్కడుంటాడో చెప్పు, వెళ్ళి మాట్లాడతాను."

లైనంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వేలిముద్ర వద్దనే కదా ఆ వయసులో పలక పట్టుకున్నాను? తిప్పితిప్పి తెచ్చి మళ్ళీ వేలి దగ్గరే నిలబెట్టారు. పైగా ఇప్పుడు ఆ వేలు కూడా చాలదట. రొయ్యలు ఒలిచి ఒలిచి అరిగిపోయిన వేలు.

షెడ్డు మానేశాక పదోదీ ఇంటరూ ఓపెన్‌లో కట్టి అప్పటికే పాసయ్యాను, ఊరికే కూర్చోలేక. ఆ రోజు ఖాళీ సంచితో ఇంటికొచ్చి, డిగ్రీ చదువుతాను, ఆ సిస్టమ్ సంగతేంటో తేల్చే చదువే చదువుతాను అన్నాను. మా ఆయనకి కాలవ వంతెన దగ్గర సైకిలు షాపు. పంచరు వేస్తూనే అడిగాడు.

"సిస్టమ్‌ని తిట్టడానికి డిగ్రీ ఎందుకే? ఇక్కణ్ణుంచి తిట్టరాదూ?"

"ఊరికే తిడితే దానికి తగలదు."

"తగిలేలా తిట్టడం నీకు పెళ్ళయిన రోజు నుంచీ వచ్చు కదా."

కానీ కాలేజీకి తోడొచ్చింది కూడా ఆయనే.

అక్కడ నన్ను చూసి కరస్పాండెంటు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సీట్లు నిండని కాలేజీ అది. ఎవరొచ్చినా లేచి నిలబడతారని తర్వాత తెలిసింది. "మీలాంటివారు మా కాలేజీకి రావడం మా అదృష్టమండి" అన్నారు. మొదటి శాలువా అక్కడే పడింది. ల్యాబులో ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చేతులు కీబోర్డు మీద పెట్టించి ఫోటో తీశారు. "ఇది వెలగట్లేదు కదండీ" అన్నాను. "పర్వాలేదండి, ఫోటోలో వెలిగిస్తాం" అన్నారు. నిజంగానే వెలిగించారు. వారం తిరక్కుండా బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. నా వెనక ఏదో నీలం వెలుగు, నా ముందు తెర మీద గ్లోబు, కింద పెద్దక్షరాలు: "మామ్మగారే చేరారు! మరి మీరు?" 

మొదటి నెలలోనే నాకు కావాల్సిన ముక్క దొరికింది. ప్రోగ్రాముల క్లాసు. చెప్పేది ఒక చిన్న మేడమ్ గారు, మెల్లగా మాట్లాడే మనిషి. కంప్యూటరుకి సొంత బుర్ర ఉండదు, మనం రాసి పెట్టిందే చేస్తుంది అన్నారు. నేను చెయ్యెత్తాను.

"డిపోలో మిషను ఎర్రలైటు వెలిగిస్తుంది. అది కూడా ఎవరో రాసిందేనా అండి?"

"అవునమ్మగారూ. వేలు కలిస్తే ఇది చెయ్యి, కలవకపోతే అది చెయ్యి అని రాస్తారండి. దాన్నే ఇఫ్, ఎల్స్ అంటాం."

ఆ పూట ఇంకేమీ నా బుర్రకెక్కలేదు. అంటే సిస్టమ్ అనేవాడు లేడు. మనిషే ఉన్నాడు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, వేలు కలవకపోతే పొమ్మని రాశాడు. కలవకపోతే పెన్నివ్వు అని రాయడానికి వాడికి ఇంకొక్క లైను పట్టేది. ఒక్కటంటే ఒక్క లైను! బద్ధకమో, మాలాంటి చేతులు ఉంటాయని తెలియకో, వదిలేశాడు. డీలరేమో నేనేం చెయ్యనండీ అంటాడు. ఆ పైవాడూ అదే అంటాడు. అందరూ కలిసి లేనివాడి మీదికి తోసేశారు.

ఆ లైను నేను రాయాలనుకున్నాను. డిపో మిషనులో రాయనివ్వరని తెలుసు, నాకు మతి పోలేదు. ల్యాబులోనే, చిన్నదే, నంబరు కొడితే సరిచూసేదే. కానీ నా చేత్తో రాయాలి, అది నడవాలి. అదొక్కటి చాలు. ఆ డిగ్రీ కాగితం నాకెందుకు, ఎవరికి చూపించాలి?

దానికి అడ్డం పడ్డది మర్యాద.

మా గోదావరి జిల్లాల మర్యాద సంగతి మీకు తెలుసు. మనిషిని అండీ గారూ అంటూ గాల్లో ఎత్తి పట్టుకుంటాం, కాలు నేల మీద ఆననివ్వం. ల్యాబులో అడుగుపెట్టగానే పిల్లలంతా లేచేవారు. ఒకళ్ళు కుర్చీ తెచ్చి సరిగ్గా ఫ్యాను కింద వేసేవారు. ఫ్యాను గది మధ్యలో, కంప్యూటర్లు గోడల వెంట. "ఉక్కగా ఉందండి, ఇక్కడ కూర్చోండి అమ్మగారూ." టీ వచ్చేది. నేను లేచి ఖాళీగా ఉన్న కంప్యూటరు దగ్గరికి వెళ్తే వెనకాలే నలుగురు. "చెప్పండి మామ్మగారూ, ఏం కొట్టాలి? నేను కొడతాను." పనిచేసే కంప్యూటర్లు ఎలాగూ తక్కువ. నేను ఒక అక్షరం వెతుక్కునేలోపు వాళ్ళ వేళ్ళు నా వేళ్ళ మీంచి వెళ్ళి నాలుగు లైన్లు కొట్టేసేవి. పైగా ప్రేమగా. ప్రేమగా చేసేవాళ్ళని ఏమని తిడతాం? నేను తిట్టాను. అయినా నవ్వారు. "మామ్మగారు భలే తిడతారు" అని ఇంకా దగ్గరికొచ్చారు.

రికార్డు పుస్తకం కూడా నన్ను రాయనివ్వలేదు. సీనియర్ల పుస్తకం చూసి ఎవరో ముద్దులొలికే దస్తూరీతో రాసి అట్ట వేసి తెచ్చారు. "మీకెందుకండీ శ్రమ" అన్నారు మేడమ్ గారు. శ్రమ! ఐసునీళ్ళలో నిలబడ్డ మనిషికి పెన్ను పట్టుకోవడం శ్రమట.

నా కష్టం వేరే ఉంది, అది ఎవరూ అడగలేదు. కీబోర్డు మీద అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. నొక్కితే తెర మీద చిన్నవి పడతాయి. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్ళకి అవి రెండూ ఒకటే. నాకు అవి ఇద్దరు మనుషులు. ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడు వస్తున్నాడు. పైగా వరసగా ఉండవు. 'ఏ' అక్షరం పక్కన 'బి' ఉండాల్సింది, 'ఎస్' ఉంటుంది. అలా ఎవడు పెట్టాడో వాడూ నా చేతికి దొరకాలి. మా ఆయన పాత సామాన్ల షాపులో ఒక కీబోర్డు తెచ్చిచ్చాడు. కంప్యూటరు లేదు, ఉత్త కీబోర్డు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు వెతుక్కునేదాన్ని. ఆయన షాపులోంచి అడిగేవాడు.

"ఏదీ వెలగట్లేదు కదే, ఏం కొట్టావో ఎలా తెలుస్తుంది?"

"నా వేలికి తెలుస్తుంది."

"అరిగిపోయిందన్నారుగా!"

పళ్ళు రాలగొడతానన్నాను. మర్నాడు ఆయనే ఒక్కొక్క అక్షరం పేరూ చెప్తుంటే నేను నొక్కాను. చూడకుండా. అలా నేర్చుకున్నాను.

మహిళా దినోత్సవం నాడు పొద్దున్నే ప్రోగ్రాముల క్లాసు ఉంది. నంబర్లు ఎలా తీసుకోవాలో ఆ రోజు చెప్తామన్నారు. నాకు కావాల్సింది సరిగ్గా అదే. పుస్తకం తీసుకుని కూర్చున్నానో లేదో హెడ్డు గారు వచ్చారు, మా డిపార్టుమెంటు పెద్ద. "అమ్మగారూ, స్టేజీ మీదికి రావాలండి." క్లాసుందన్నాను. "క్లాసులు ఎప్పుడూ ఉండేవేనండి, పెద్దలు వచ్చేశారు" అని చెయ్యి పట్టుకుని లేపారు. పొద్దున్నుంచి భోజనాల దాకా స్టేజీ మీద కూర్చోబెట్టారు. శాలువా, దండ, యాపిల్ పళ్ళ బుట్ట. చదువు గొప్పదనం గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. కింద ల్యాబులో చదువు జరుగుతోంది. నేను పైన దానికి బొమ్మలా కూర్చున్నాను.

ఆ తర్వాత సెమిస్టరు ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ముందురోజు హెడ్డు గారు చెప్పారు. "మీరేం కంగారు పడకండి. వచ్చి సంతకం పెట్టి కూర్చోండి, మిగతాది మేం చూసుకుంటాం."

"మీరు చూసుకుంటే పరీక్ష మీకవుతుంది, నాకెలా అవుతుంది?"

"ఆయ్, అలాగేనండి" అని నవ్వి వెళ్ళిపోయారు. మా వైపు అలాగేనండి అంటే కాదని అర్థం. అది తెలిసీ నేను ఊరుకున్నాను.

పరీక్షకి వేరే కాలేజీ నుంచి ఒకాయన వచ్చారు. వచ్చీరాగానే పరీక్ష ఆపి ఆయన చేత నాకు శాలువా కప్పించారు. పరీక్ష గదిలో! పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా భుజం మీదుండగానే నన్ను ఒక కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. చూద్దును కదా, తెర మీద ప్రోగ్రాము మొత్తం ఉంది. నంబరు అడుగుతోంది, సరిచూస్తోంది, ఫలితం చెప్తోంది. అన్నీ అయిపోయాయి. నేను చెయ్యాల్సింది ప్రింటు మీట నొక్కడం.

పక్క కంప్యూటరు దగ్గర నా బెంచీ అమ్మాయి కూర్చుంది. మొగల్తూరు నుంచి బస్సులో వస్తుంది, మొదటి రోజు నుంచీ నా పక్కనే. తల దించుకుని ఉంది.

"ఇది నువ్వే కొట్టావా?"

"మేడమ్ గారు కొట్టమన్నారు మామ్మగారూ" అంది గొంతులోనే.

"నేను కొట్టమన్నానా?"

"మీకోసమే కదండీ..."

నాకు మాస్టారి అరచెయ్యి గుర్తొచ్చింది. అంతా ఒకేసారి పట్టుకోవడం, చెరపడం ఎలాగో నాకు వచ్చు, ఒళ్ళో కీబోర్డు మీద చేసిందే. రెండు మీటలు కలిపి నొక్కాను, తర్వాత ఇంకొకటి. తెర తెల్లగా అయిపోయింది. మేడమ్ గారు "అయ్యో అమ్మగారూ!" అని పరిగెత్తుకొచ్చారు.

"ఎవరూ నా దగ్గరికి రాకండి. వస్తే లేచి వెళ్ళిపోతాను, శాలువా మీ మీద కప్పి."

శాలువా తీసి కుర్చీ వెనక పడేశాను. కొట్టడం మొదలుపెట్టాను. ఒక్కొక్క అక్షరం. అందరివీ అయిపోయాయి, ప్రింట్లు తీసుకుని బయట నిలబడ్డారు. గది ఖాళీ అయ్యింది. నేను కొడుతూనే ఉన్నాను. చివరికి రన్ నొక్కాను. నంబరు అడిగింది. నా ప్రోగ్రామే అడిగింది నన్ను! మా రేషన్ కార్డు నంబరే లోపల పెట్టాను. అదే నంబరు తప్పు లేకుండా కొట్టాను.

ఇన్‌వాలిడ్ అంది.

మళ్ళీ కొట్టాను. ఇన్‌వాలిడ్. ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ కొట్టాను. ఇన్‌వాలిడ్. నేను రాసిన సిస్టమే నన్ను తీసుకోనంటోంది.

వచ్చిన పెద్దాయన నా వెనక నిలబడి, "చాలండి అమ్మగారూ, వచ్చేసింది కదా, అద్భుతం" అన్నారు.

"రాలేదండి. సరైన నంబరు కొడితే తప్పంటోంది."

"పర్వాలేదండి, ఈ వయసులో ఇంతవరకూ చేశారు."

ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఇంకొంచెం టైమివ్వమన్నాను. ఆయనకి భోజనం చల్లారిపోతోందన్నారు. కంప్యూటరు ఆపేశారు.

మార్కులు వచ్చాయి. నాకు నూటికి నూరు. క్లాసులో అందరికంటే ఎక్కువ. నడవని ప్రోగ్రాముకి.

అవి పట్టుకుని హెడ్డు గారి దగ్గరికి వెళ్ళాను. "నన్ను ఫెయిల్ చెయ్యండి" అన్నాను.

ఆయన చుట్టూ చూశారు, ఎవరైనా వింటున్నారేమోనని. "అలా ఎవరూ అడగరండి."

"నేను అడుగుతున్నాను. ఫెయిలైతే మళ్ళీ రాసుకుంటాను. ఇదేంటి? నన్ను పాస్ చేసి ఆ తలుపు మూసేశారు."

"ఇప్పుడేం చెయ్యలేమండి. మార్కులు ఎక్కించేశాం. ఇక సిస్టమ్ తీసుకోదు."

నేను ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంటు చెప్పే మనిషి. సిస్టమ్ అంటే ఏంటో నాకు నేర్పాల్సిన మనిషి. డిపో డీలరు మాటే, అదే గొంతుతో, అదే నవ్వుతో.

"ఎక్కించింది ఎవరండీ?"

"మేమేననుకోండి..."

"మరి సిస్టమ్ అంటారేంటి? మేం తియ్యం అనండి. వినడానికి అదైనా శుభ్రంగా ఉంటుంది."

ఆయనకి కోపం వచ్చింది. మొదటిసారి ఆ కాలేజీలో ఒకరికి నా మీద కోపం వచ్చింది. నిజం చెప్తున్నాను, కాస్త ఊపిరాడింది. "ఏం కావాలండీ మీకు?" అన్నారు గట్టిగా.

"ల్యాబు తాళం. మధ్యాహ్నాలు ల్యాబు మూసే ఉంటుంది కదా, ఆ టైములో."

"ఎలా కుదురుతుందండీ? మిషన్లు ఖరీదైనవి."

"అడ్మిషన్ల రోజులు కదా. బస్టాండులో ఆ ఫ్లెక్సీ కింద కుర్చీ వేసుక్కూర్చుంటాను. పిల్లల్ని తీసుకుని దిగిన ప్రతి తల్లికీ నా మార్కులు చూపించి, ఎలా వచ్చాయో చెప్తాను."

తాళం ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే.

తాళం చేతికొచ్చాక కూడా బెంచీ అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పరీక్షలో అందరి ముందూ అవమానించానని అలిగింది. నాలుగో రోజు బస్సు వచ్చేదాకా టైముందని ల్యాబు గుమ్మంలో వచ్చి నిలబడింది. నేను అదే ప్రోగ్రాము మళ్ళీ కొట్టి ముందేసుకుని అదే ఇన్‌వాలిడ్ చూస్తున్నాను.

"రమ్మంటారా?"

"రా. చేతులు వెనక్కి పెట్టుకుని రా."

నిజంగానే చేతులు వెనక్కి కట్టుకుని వచ్చింది. తెర చూసింది. పెదవి కొరుక్కుంది.

"చెప్పనా మామ్మగారూ?"

"చెప్పావంటే చంపుతాను. నీది తియ్యి, పక్కన పెట్టి చూస్తాను."

పరీక్షలో తను కొట్టింది కాగితం మీద ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి లైను లైనూ వేలు పెట్టి చదివాను. తనదాంట్లో నంబరు తీసుకునే చోట మూడు ఇంగ్లీషు అక్షరాల ముక్క ఒకటి ఉంది, ఇంట్ అని. నాదాంట్లో లేదు.

"ఇదెందుకు?"

"ఏమోనండి. ఉండాలన్నారు."

"ఎందుకుండాలి?"

"అది తెలియదండి. మేడమ్ గారు పది ప్రోగ్రాములు ఇచ్చారు, వాటిలోనే వస్తాయన్నారు. బట్టీ పట్టాం. అందరం అంతే."

"అందరూనా?"

"అందరమూనండి."

నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఒక రకం. ఆ మాట విన్నాక వచ్చింది ఇంకో రకం. నేను ముసలిదాన్ని, ఫ్లెక్సీ కోసం చేర్చుకున్నారు, నన్ను బొమ్మని చేశారంటే సరే. వీళ్ళు? పొద్దున్నే బస్సుల్లో వేలాడుతూ వచ్చే పిల్లలు, చెరువుల మీద కాపలా ఉండే తండ్రులు, షెడ్డుల్లో ఒలిచే తల్లులు. వీళ్ళకి శాలువా కూడా లేదు. నన్ను మర్యాద చేసి ఆపారు, వీళ్ళని మర్యాద కూడా చెయ్యకుండా ఆపారు. రేపు ఈ పిల్లే ఎక్కడో కూర్చుని డిపో మిషనుకి లైను రాస్తుంది. ఎందుకో తెలియకుండా, ఉండాలన్నారని.

పుస్తకం తీశాం. నేను మహిళా దినోత్సవం నాడు స్టేజీ మీద కూర్చున్నప్పుడు చెప్పిన పాఠంలో ఉంది. మనం అంకెలు కొట్టినా మిషను వాటిని ఉత్త అక్షరాలుగానే తీసుకుంటుందట. లోపలున్నది అంకె, బయటనుంచి వచ్చింది అక్షరం. చూడ్డానికి రెండూ ఒకటే, దానికి మాత్రం ఎప్పటికీ కలవవు. ఇది అంకె అని రాసినవాడు చెప్పాలి. చెప్పకపోతే, మనిషి సరైనదే అయినా, నంబరు సరైనదే అయినా, పొమ్మంటుంది. ఆ అమ్మాయి ఆ పేరా రెండుసార్లు చదివింది. "ఓహ్, ఇందుకా!" అంది. బట్టీ పట్టి అన్నిసార్లు కొట్టిన ముక్క అది.

నేను ఆ మూడక్షరాలూ కొట్టాను. రన్ నొక్కాను. నంబరు కొట్టాను. ఓకే అంది.

ఇంకా అయిపోలేదు. ఇన్‌వాలిడ్ అన్న మాట చెరిపేశాను. ఆ చోట నా లైను కొట్టాను. ఒక్కొక్క అక్షరం, పెద్దవి నొక్కితే చిన్నవి పడుతుంటే. సైన్ అండ్ టేక్. ఆ ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో నాకనవసరం. కావాలని తప్పు నంబరు కొట్టాను. తెర మీద ఆ మాట వచ్చి నిలబడింది, సంతకం పెట్టి తీసుకెళ్ళు అని. రాయడానికి ఎంతసేపు పట్టిందంటారు? అన్ని వేళ్ళూ అరిగిపోయిన నాకే అంతసేపు పట్టలేదు. చల్లటి గదిలో వాడికి ఎంతసేపు పట్టేది?

అమ్మాయి ఫోను తీసింది. "మామ్మగారూ, ఒక్క ఫోటో!"

"తీశావంటే ఫోను కాలవలో పడేస్తాను."

ఫోను లోపల పెట్టేసింది. నేను కుర్చీలోంచి లేచాను.

"కూర్చో" అన్నాను.

"నేనా?"

"నువ్వే. అది మొత్తం చెరిపెయ్యి."

"ఇప్పుడే కదండీ నడిచింది!"

"నాది నడిచింది. నీది కొట్టు. కాగితం నా చేతికివ్వు."

కాగితం లాక్కున్నాను. చెరిపింది. తెల్లటి తెర ముందు చేతులు గాల్లో పెట్టుకుని కూర్చుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి లైను ఏంటో నాకు తెలుసు. నాలుక చివరే ఉంది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.